గుమ్మడిగూడెం తోడు

కౌండిన్యకి కోపం వచ్చింది. ఆరు సైట్లు అతని మాట విన్నాయి, ఏడోది వినలేదు.

వాళ్ళ ఆశ్రమం గోదావరి ఒడ్డున ఉంది. దాని కింద ఏడు ఉచిత వైద్యశాలలు నడుస్తాయి. ఒకటి ఆశ్రమం గుమ్మం పక్కనే. ఐదు చుట్టుపక్కల లంక ఊళ్ళలో. ఒకటి మాత్రం దూరంగా ఏజెన్సీ కొండల్లో, గుమ్మడిగూడెం అనేచోట. ఏ రోజు ఏ డాక్టరు వస్తారో, టోకెన్ ఎంతో, ఏ మందు ఉందో, ఏది అయిపోయిందో జనం ఫోనులోనే చూసుకుంటారు. అందుకని ఒక్కో వైద్యశాలకి ఒక్కో వెబ్‌సైట్, ఒక్కోచోట ఒక్కో చిన్న సర్వరు.

కౌండిన్య హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానుకుని ఆశ్రమంలో చేరాడు. హాయిగా జపం చేసుకుందామని వచ్చినవాడికి మాతాజీ ఈ సైట్ల సేవ అప్పజెప్పారు. "చేతికి తెలిసిన పని చెయ్యి నాయనా, జపం దాని వెనకాలే వస్తుంది" అన్నారు.

అతను వచ్చేనాటికి ఆ సైట్లది తలోదారి. ఒకే కోడ్‌ని ఎవరో ఏడుచోట్ల కాపీ చేసి వదిలేశారు. ఒక తప్పు దిద్దాలంటే ఏడుచోట్లా కూచుని దిద్దాలి. ఆరోది అయ్యేసరికి టీ వేళవుతుంది, ఏడోది రేపటికి పోతుంది, ఆ రేపు రాదు. అలాగే ఒక లంక ఊళ్ళో కంటి డాక్టరుగారు మానేసి వెళ్ళిపోయాక కూడా సైటులో ఆయన పేరే ఉండిపోయింది. ముసలివాళ్ళు పడవ దాటి వచ్చి సాయంత్రందాకా కూచుని వెళ్ళారు.

అది చూసి కౌండిన్య బాధపడ్డాడు. అన్నిటికీ పనికొచ్చే భాగాన్ని విడదీసి ఆశ్రమంలో ఒక్కచోట పెట్టాడు. దానికి ఉమ్మడి కోడ్ అని పేరు. రోజూ పొద్దున పదింటికి ఏడు సర్వర్లూ వాటంతటవే వచ్చి అందులో కొత్తగా ఏముంటే అది తీసుకుపోతాయి. ఇక్కడ ఒకసారి మారిస్తే చాలు, అన్నిచోట్లా మారిపోతుంది.

మంచి పని. నిజంగానే మంచి పని. కాకపోతే మంచి పని చేసినవాడికి అది నలుగురికీ చెప్పాలని నోరు దురద పెడుతుంది. కౌండిన్య పంక్తిలో భోంచేస్తూ కూడా "ఒక్క మీట నొక్కితే ఏడూళ్ళూ మారిపోతాయండి" అని వడ్డించేవాళ్ళకి చెప్పేవాడు. వాళ్ళు "అలాగా బాబూ" అని పప్పు వేసి ముందుకు పోయేవారు.

ఇంత చక్కని ఏర్పాటుకి గుమ్మడిగూడెం ఒక్కటే లొంగలేదు. అక్కడి వైద్యశాల చూసేది తరంగిణి. ఆవిడ ఒకప్పుడు రాజమండ్రిలో కాలేజీ పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెప్పింది. ఆశ్రమంలో కౌండిన్య కంటే చాలా ముందు చేరింది. ఆవిడ తన సర్వరుకి ఆ పదింటి తలుపు మూసేసింది. ఉమ్మడిలో కొత్తది వస్తే ముందు తను చూస్తుంది, తన మార్పులు అందులో కలుపుకుంటుంది, ఆ తర్వాతే పెట్టుకుంటుంది.

ఇదేమిటని ఫోను చేసినప్పుడల్లా ఆవిడది ఒకటే జవాబు. "ఇక్కడికి పనికొచ్చేలా కాస్త మార్చుకున్నాను తమ్ముడూ. తీరిక చేసుకుని ఒకసారి రా, చూపిస్తాను."

కౌండిన్యకి తీరిక చిక్కలేదు. అసలు మనసే రాలేదనుకోండి.

చివరికి ఒక బుధవారం పొద్దున మాతాజీని వెతుక్కుంటూ వంటశాలకి వెళ్ళాడు. ఆవిడ పీట మీద కూచుని గోంగూర బాగుచేస్తున్నారు.

"మాతాజీ, తరంగిణక్కకి మీరొక మాట చెప్పాలండి."

"ఏవని?"

"ఆ సర్వరు తాళం, అదే పాస్‌వర్డు, నాకిచ్చెయ్యమని. ఆవిడ మార్పులన్నీ తీసేసి మిగతావాటితో కలిపేస్తానండి. ఒకే ఆశ్రమం, ఒకే గురువు. కోడ్ మాత్రం ఒకటుండక్కర్లేదాండీ?"

మాతాజీ ఇంకో గోంగూర కాడ విరిచారు. పక్కనే వంటశాల పెద్ద సూరమ్మ పెరుగు గంగాళం మూత తీసి గరిటె ముంచి పైకెత్తింది. పెరుగు జిగురుజిగురుగా తీగ సాగింది.

"చూడండమ్మా మళ్ళీ" అంది సూరమ్మ. "ఈ ఎండలకి తోడే పాడైపోయింది. దీంతో ఎన్ని పాలు తోడేసినా ఇంతే. శనివారం అంతమంది పిల్లలొస్తారు, పెరుగన్నం కలుపుదావనుకున్నాం. ఏం పెట్టను?"

ఆ శనివారం ఆశ్రమానికి మామూలు శనివారం కాదు. విశాఖపట్నం నుంచి పిల్లల గుండె డాక్టరుగారు వస్తున్నారు. ఏడాదికి ఒకసారి వస్తారు. పుట్టుకతో గుండెలో లోపమున్న పిల్లల్ని చూసి, ఎవరికి ఆపరేషన్ కావాలో తేల్చి, పెద్దాసుపత్రికి రాసిస్తారు. ఆ రోజు తప్పిపోతే మళ్ళీ ఏడాదిదాకా ఆగాలి. అంతకాలం ఆగలేని పిల్లలు కొందరుంటారు. ఏడు వైద్యశాలల నుంచీ తల్లులు పిల్లల్ని తీసుకుని ఆ రోజు ఆశ్రమానికి రావాలి.

మాతాజీ గరిటె వైపు చూసి, ఆ తర్వాత కౌండిన్య వైపు చూశారు.

"గుమ్మడిగూడెం వెళ్ళి కాస్త తోడు పట్రా నాయనా."

కౌండిన్య తెల్లబోయాడు. "తోడుకోసం గుమ్మడిగూడెమాండీ? వీధి చివర కొట్లో పెరుగు దొరుకుతుంది కదండీ."

"దొరుకుతుంది."

"మరి?"

"అక్కడున్నది మన పెరుగే. వైద్యశాల తెరిచిననాడు ఇక్కణ్ణించే తోడు పట్టుకెళ్ళారు. కొండ మీద కాస్త చల్లగా ఉంటుంది. అక్కడ బాగానే ఉండుంటుంది."

"తాళం సంగతండీ?"

"ముందు తోడు పట్రా."

గురువుగారు చెప్పాక ఇంకేముంటుంది. గురువారం పొద్దున్నే సంచీ సర్దుకున్నాడు. బయల్దేరేముందు ఉమ్మడి కోడ్ తెరిచి, శనివారం కింద గుండె డాక్టరుగారి పేరు చేర్చాడు. తల్లులు ఏ వేళకి ఏ వ్యాను ఎక్కాలో, ఎవరి టోకెన్ ఎంతో, అదంతా కూడా చేర్చాడు. పదింటికి అన్నిచోట్లా మారిపోతుందనుకున్నాడు. గుమ్మడిగూడెం గుర్తొచ్చి పళ్ళు నూరుకున్నాడు. చేర్చినది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోలేదు. ఎప్పుడూ పనిచేసేదే కదా అని బస్సెక్కేశాడు.

రంపచోడవరం దాటాక కొండదారిలో ఫోనుకి సిగ్నల్ పోయింది. అక్కణ్ణించి జీపు. జీపులో మనుషులూ కోళ్ళూ కందుల మూటలూ కలిసి ఉన్నాయి, కౌండిన్య ఆ మూటల మీద కూచున్నాడు. దారంతా తరంగిణితో ఏం మాట్లాడాలో కూర్చుకుంటూనే ఉన్నాడు.

తీరా వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. పెంకుటిల్లు, ముందు వసారా, వసారాలో బల్లల మీద జనం. తరంగిణి కిటికీ దగ్గర నిలబడి ఫోనులో మాట్లాడుతోంది. అతన్ని చూసి చేత్తో కూచోమంది.

"కంగారు పడకమ్మా, ఇదిగో వచ్చాడు. కాసేపట్లో నేనే చేస్తాను" అని ఫోను పెట్టేసింది. మజ్జిగ గ్లాసు అతని చేతికిచ్చి, తాగేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"పొద్దున పదింటి నించీ ఆరు సైట్లూ తెల్లగా అయిపోయాయట తమ్ముడూ. ఒక్క అక్షరం కనిపించటం లేదట. ఆశ్రమానికి ఫోను చేస్తే నువ్వు ఇటు బయల్దేరావన్నారు. అందరూ నాకు చేస్తున్నారు."

కౌండిన్య గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇప్పుడు మాట్లాడింది మంగతాయారని, లంకలో ఉంటుంది. ఆవిడ కొడుకు నాలుగడుగులు పరిగెడితే పెదాలు నీలంగా అయిపోతాయిట. సైటులో ఏమీ లేదు కాబట్టి శనివారం డాక్టరు రాటం లేదని ఊళ్ళో అనేసుకుంటున్నారట. మళ్ళీ ఏడాదంటే మావాడు ఉంటాడాండీ అని ఒకటే ఏడుపు."

కౌండిన్య లేచి ఆవిడ కంప్యూటరు ముందు కూచున్నాడు. తను పొద్దున చేర్చినది తీసేశాడు. పేజీ వచ్చింది. కానీ అందులో గుండె డాక్టరు లేరు. మళ్ళీ చేర్చాడు, పేజీ పోయింది. తీస్తే డాక్టరు లేరు, పెడితే పేజీ లేదు. తప్పెక్కడుందో తెలియలేదు. తను స్వయంగా రాసిన కోడే, ఎవరో పరాయి భాషలో రాసినట్టుంది.

తరంగిణి వెనక నిలబడి చూస్తోంది. "శనివారం ఆశ్రమంలో మామూలు డాక్టరుగారు కూడా ఉంటారు కదా?" అంది మెల్లిగా.

"ఉంటారక్కా. ప్రతి శనివారమూ ఉంటారు."

"నీ కోడ్‌లో రోజుకి ఒక్క డాక్టరుకే చోటుంది తమ్ముడూ. ఇద్దరొస్తే అది తట్టుకోలేదు."

చూశాడు. నిజమే. గుండె డాక్టరుగారు కిందటిసారి వచ్చేనాటికి ఉమ్మడి కోడ్ ఇంకా లేదు, మిగతా రోజుల్లో అతనికి తెలిసిన ఊళ్ళలో ఒకేరోజు ఇద్దరు డాక్టర్లు ఎప్పుడూ రాలేదు. అందుకని ఇద్దరు రావచ్చనే ఆలోచనే అతనికి రాలేదు.

తరంగిణి తన సైటు తెరిచి చూపించింది. శనివారం కింద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. గుమ్మడిగూడెం పిల్లల టోకెన్లూ బయల్దేరే వేళా కింద వరసగా ఉన్నాయి. అతను పొద్దున పెట్టినదే. ఆవిడ తన మార్పు కలుపుకుని పెట్టుకుంది కాబట్టి ఇక్కడ నిలబడింది.

"ఇది ఎప్పుడు చేశావక్కా?"

"కిందటేడు. ఈ కొండ మీదికి డాక్టర్లని తెచ్చే జీపు వారానికి ఒక్కసారే వస్తుంది. పళ్ళ డాక్టరూ పిల్లల డాక్టరూ అందులోనే కలిసి రావాలి. రోజుకి ఒక డాక్టరంటే ఇక్కడ కుదరదు."

"నాకు పంపొచ్చు కదక్కా!"

"ఎలా పంపను? నీ ఉమ్మడిలోంచి తీసుకోవటానికి దారి పెట్టావు. అందులో మేం వెయ్యటానికి దారేదీ? అందుకే కదా రమ్మన్నాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. కాస్త ఉన్నా బాగుండుననిపించింది కౌండిన్యకి. తిట్టినా పడి ఉండేవాడు.

ఇద్దరూ పక్కపక్కన కూచున్నారు. ఆవిడ మార్పుని ఉమ్మడి కోడ్‌లోకి చేర్చారు. అది అయిపోగానే కౌండిన్య చెయ్యి అలవాటుగా, పదింటిదాకా ఆగకుండా ఆరింటికీ అప్పటికప్పుడు పంపే మీట మీదికి పోయింది. తరంగిణి ఆ చెయ్యి పట్టుకుంది.

"ముందు ఒక్కచోట."

మంగతాయారు ఊరి సైటుకి మాత్రం పంపారు. తరంగిణి ఆవిడకి ఫోను చేసి, అతనికి వినిపించేలా బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు చూడమ్మా."

అవతల ఎవరో పిల్లాడు దగ్గుతున్నాడు. తర్వాత గొంతు వినిపించింది. "వచ్చిందండీ! ఇద్దరు డాక్టర్ల పేర్లూ ఉన్నాయండీ. మావోడి పేరు కూడా ఉందండీ. ఎనిమిదింటికి వ్యాను అనుందండీ. ఏరా బుజ్జీ, నీ పేరుందిరా!"

కౌండిన్య కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

మిగతా ఐదింటికీ ఒక్కొక్కటిగా పంపారు. ఒకటి పంపటం, ఫోను చేసి కనుక్కోవటం, ఆ తర్వాతది పంపటం. పొద్దు వాలేసరికి అన్నీ నిలబడ్డాయి. అప్పుడు వసారాలో అరుగు మీద కూచుని కౌండిన్య ఉన్న మాట చెప్పేశాడు.

"అక్కా, నీ మార్పులన్నీ తుడిచెయ్యాలని మాతాజీని నీ సర్వరు తాళం అడిగాను."

తరంగిణి నవ్వింది. "నాకు అనుమానంగానే ఉందిలే. కావాలంటే ఇప్పుడు చెబుతాను, రాసుకో."

"వద్దక్కా. నిన్న మాతాజీ నా మాట విని ఉంటే ఇవాళ ఏమయ్యేది?" అన్నాడు. "నువ్వు వినకపోవటం వల్ల ఆ పిల్లాడు రాగలుగుతున్నాడు. నీకు నేనెంత రుణపడ్డానో నాకే తెలియటం లేదు."

"పడుకో తమ్ముడూ. పొద్దున్నే జీపుంది" అంది ఆవిడ.

పొద్దున స్టీలు గిన్నెలో తోడు వేసి, మూతపెట్టి, తడిగుడ్డ చుట్టి ఇచ్చింది. ఎండ తగలనివ్వద్దంది. కౌండిన్య దారి పొడుగునా దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూచున్నాడు. గుడ్డ ఆరినప్పుడల్లా తన మంచినీళ్ళ సీసాలోంచి తడిపాడు. రంపచోడవరం దగ్గర బస్సులో కూచోటానికి చోటు దొరకలేదు. నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండోచేత్తో గిన్నె గుండెలకి హత్తుకున్నాడు. పక్కనున్నవాళ్ళు చూసి ఏదో మహాప్రసాదం అనుకుని జరిగి చోటిచ్చారు.

ఆశ్రమంలో మాతాజీ వంటశాల గుమ్మంలోనే ఎదురయ్యారు.

"తెచ్చావా?"

"తెచ్చానండి." తర్వాత జరిగిందంతా చెప్పాడు. తన తప్పు దాచుకోలేదు, తరంగిణి చేసిన మేలు తగ్గించలేదు. అంతా అయ్యాక అడిగాడు. "ఇదంతా తెలిసే నన్ను అక్కడికి పంపించారాండీ?"

"నాకేం తెలుసురా ఆ కంప్యూటర్ల సంగతి. పెరుగు పాడైంది, తోడు కావాలి" అని మాతాజీ గిన్నె అందుకుని గోరువెచ్చటి పాల దగ్గరికి వెళ్ళారు.

శనివారం ఏడు వైద్యశాలల నుంచీ పిల్లలొచ్చారు. వసారా అంతా ఏడుపులూ బొమ్మలూ బిస్కెట్ పొట్లాలూ. డాక్టరుగారు పొద్దున్నుంచి కూచుని ఒక్కొక్క బిడ్డ గుండె విన్నారు. మంగతాయారు కొడుకుని చాలాసేపు చూశారు. వానలు పడకముందే ఆపరేషన్ చేయించాలని కాగితం రాసిచ్చారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు.

మధ్యాహ్నం సూరమ్మ గంగాళం మూత తీసింది. పెరుగు గడ్డలా తోడుకుంది. గరిటెతో కోస్తే కోసినచోట గోడలా నిలబడింది. పిల్లలు మారు అడిగి తిన్నారు. సూరమ్మ ఆ పూట ఎవరినీ కసరలేదు, అదే ఒక వింత.

భోజనాలయ్యాక మంగతాయారు కౌండిన్యని వెతుక్కుంటూ వచ్చింది. తాటాకు బుట్ట నిండా ముంజెలు. "మా ఆయన పొద్దున్నే కొట్టించాడండి. ఫోనులో అది బాగుచేసింది మీరంట కదండీ."

"పాడుచేసింది నేనమ్మా. బాగుచేసింది కొండమీద మా అక్క."

"అయితే ఆయమ్మక్కూడా పంపించండి బాబూ. బుట్టెడున్నాయి" అని అతని చేతిలో పెట్టి, కొడుకుని చంకనేసుకుని వ్యాను దగ్గరికి వెళ్ళిపోయింది.

సాయంత్రం గుమ్మడిగూడెం పిల్లల్ని దింపటానికి జీపు బయల్దేరుతోంది. కౌండిన్యకి తరంగిణి గిన్నె గుర్తొచ్చింది. శుభ్రంగా తోమి, పొడిగుడ్డతో తుడిచి, డ్రైవరుకి ఇవ్వబోతున్నాడు. మెట్ల మీద కూచున్న మాతాజీ చెయ్యి చాపారు. గిన్నె తీసుకున్నారు. మూత తీసి లోపలికి చూశారు. మళ్ళీ మూతపెట్టి అతని చేతికే ఇచ్చేశారు.

కౌండిన్య చెవులు ఎర్రబడ్డాయి. పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని చిన్నప్పుడు ఇంట్లో ఎన్నిసార్లు విన్నాడో. ఏమీ లేకపోతే వాళ్ళమ్మ చిటికెడు పంచదారైనా వేసి పంపేది. గబగబా లోపలికి వెళ్ళి గిన్నె నిండా ముంజెలు పెట్టుకొచ్చాడు. జీపు దగ్గరికి వెళ్ళి, డ్రైవరు చెయ్యి చాపినా ఇవ్వకుండా, వెనక్కి తిరిగి మాతాజీ దగ్గరికొచ్చాడు.

"నేనే పట్టుకెళ్తానండి. నాలుగు రోజులు అక్కడే ఉంటాను. అక్క ఇంకా ఏమేం మార్చుకుందో అన్నీ చూస్తాను. ఉమ్మడిలోంచి తీసుకోవటమే కాదు, అందరూ అందులో వెయ్యటానికి కూడా దారి చేస్తాను. తర్వాత లంక ఊళ్ళు కూడా తిరుగుతాను. వాళ్ళకేం కావాలో నేనెప్పుడూ అడగలేదండి."

మాతాజీ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, వంటశాల వైపు తిరిగి కేకేశారు.

"సూరమ్మా! ఇంకో ఐదు గిన్నెలు కడిగి ఉంచు."

"ఎందుకమ్మా?" అంది సూరమ్మ లోపలినుంచి.

"లంకల్లోనూ ఎండలే కదా. వీడు ఎలాగూ వెళ్తాడు, తోడు పట్టుకెళ్తాడు."